బలబుష్కా కర్ర: ఒక వలస వడ్రంగి కథ

గల్ఫ్‌లో మేము పనిచేసిన ఒక క్యాంపులో రిక్రియేషన్ హాలు పేరుతో ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒక టీవీ, రెండు క్యారమ్ బోర్డులు, మూలన ఒక పాత పూల్ బల్ల. సెలవు రోజు క్యారమ్ దగ్గర మనవాళ్లు, పూల్ బల్ల దగ్గర ఫిలిప్పీన్స్ వాళ్లు. ఆ బల్లకు ఉన్న ఆరు కర్రల్లో ఒక్కటి కూడా తిన్నగా ఉండేది కాదు. అయినా వాళ్లలో ఒక వడ్రంగి ఆటకు ముందు ప్రతి కర్రనూ పరీక్ష చేసేవాడు. బల్ల మీద దొర్లించేవాడు. ఒక కన్ను మూసి చివరి నుంచి చూసేవాడు. అతుకుల మీద గోటితో గీసేవాడు. అప్పుడుగానీ చేతికి తీసుకునేవాడు కాదు.

సైట్లో తలుపు ఫ్రేము వస్తే మేము చూసే పద్ధతి కూడా అదే. అందుకే మాకు అతని మీద ఇష్టం కలిగింది. బలబుష్కా అన్న పేరు మొదటిసారి విన్నది అతని దగ్గరే. మంచి క్యూ కర్ర కనిపిస్తే పూల్ ఆడేవాళ్లు దాన్ని బలబుష్కాతో పోల్చి చూస్తారని అతను చెప్పాడు. అది కంపెనీ పేరేమో అనుకున్నాం. కాదు, మనిషి పేరు. మనలాగే బతుకుదెరువు కోసం దేశం దాటిన కుటుంబంలోని మనిషి. చేత్తో కర్రపని చేసి బతికిన మనిషి. తర్వాత ఆయన గురించి దొరికిందల్లా చదివాం. ఒకరి పనిని ఇంకొకరు ఎలా చూడాలి, ఎలా తీర్పు చెప్పాలి అన్న విషయంలో ఆయన జీవితం మాకు చాలా నేర్పింది. అందుకే ఈ నాలుగు మాటలు.

గ్రిగొరీ నుంచి జార్జ్

జార్జ్ బలబుష్కా 1912 డిసెంబరు 9న రష్యాలో పుట్టారు. అసలు పేరు గ్రిగొరీ. ఆయనకు రెండేళ్లు నిండకముందే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఐదో ఏట విప్లవం వచ్చింది. ఆ వెనకే అంతర్యుద్ధం, 1921-22లో లక్షల మందిని పొట్టన పెట్టుకున్న కరువు. 1924లో ఆ కుటుంబం అమెరికా చేరుకుంది. పిల్లవాడికి అప్పుడు పన్నెండో ఏడు.

ఆ 1924వ సంవత్సరానికి ఇంకో లెక్క ఉంది. అమెరికా ప్రభుత్వం కొత్త వలస చట్టం తెచ్చింది అప్పుడే. తూర్పు, దక్షిణ ఐరోపా దేశాల వాళ్లకు కోటా బాగా కోసేశారు. ఆసియా వాళ్లకైతే తలుపు దాదాపుగా మూసేశారు. వీసా తలుపులు ఎప్పుడు తెరుచుకుంటాయో, ఎప్పుడు మూతపడతాయో చూసుకుంటూ బతికే మనకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక ఏడాది అటూ ఇటూ అయితే బతుకే మారిపోతుంది.

న్యూయార్కులో ఆ కుర్రవాడు వడ్రంగి పనిలో పడ్డారు. చిన్నపిల్లల కోసం చెక్క బొమ్మలు, పిల్లల ఫర్నిచర్ తయారుచేసే చోట పనిచేశారు. గ్రిగొరీ కాస్తా జార్జ్ అయ్యారు. వెంకటేశ్వర్లు వెంకీ అయినట్టు, యాదగిరి గిరి అయినట్టు, పరాయి నేల మీద నోరు తిరిగే పేరు పెట్టుకోవడం ఆ రోజుల్లోనూ ఉన్నదే. 1941లో పెళ్లయింది. ఇద్దరు కొడుకులు.

పనిచేసే రోజుల్లో బ్యాండ్‌సా మెషిన్ మీద ఆయనకు ఒక వేలు తెగిపోయింది. కర్రపనిలో ఉన్నవాళ్లకు ఆ మెషిన్ సంగతి తెలుసు. రెప్ప వేసేలోగా అయిపోతుంది. వేలు పోయినవాళ్లు చాలామంది పని మానేస్తారు. ఈయన పని మానలేదు సరికదా, తనకు తానే ఒక కృత్రిమ వేలు చేసుకుని పెట్టుకున్నారు. దాన్ని ఎంత పొందికగా చేశారంటే, స్నేహితుల్లో కొందరికి ఆ సంగతే తెలియలేదట. అతుకు కనపడకుండా చేయడం ఆయన ముందుగా తన చేతి మీదే చూపించారని మాకనిపిస్తుంది.

పండుగ కానుకతో మొదలు

జార్జ్‌కు పూల్ ఆట అంటే ప్రాణం. 1959లో ఒక స్నేహితుడితో కలిసి బ్రూక్లిన్‌లో ఒక పూల్ హాలు కొన్నారు. అక్కడికి వచ్చేవాళ్ల కర్రలు బాగుచేయడం మొదలుపెట్టారు. చివరి తోలు బిళ్ల ఊడిపోయినవి, పట్టు దగ్గర దారం చెదిరినవి, పగుళ్లు పట్టినవి. ఆ ఏడాదే క్రిస్మస్‌కు కొందరు స్నేహితులకు సొంతంగా క్యూలు చేసి కానుకగా ఇచ్చారు. వాటిని చూసినవాళ్లు డబ్బు ఇస్తాం, మాకూ చేసిపెట్టమని అడిగారు. అలా నలభై ఏడేళ్లు నిండిన వయసులో, చాలామంది ఇక చాలు అనుకునే వయసులో, ఆయన అసలు వృత్తి మొదలైంది.

కాలం కూడా కలిసొచ్చింది. 1961లో పాల్ న్యూమన్ నటించిన ‘ది హస్లర్’ సినిమా వచ్చాక అమెరికాలో పూల్ ఆటకు మళ్లీ ఊపు వచ్చింది. హాళ్లు పెరిగాయి. మంచి కర్ర కావాలనేవాళ్లూ పెరిగారు.

అప్పటికే ఆ విద్యలో పెద్దలున్నారు. షికాగోలో హెర్మన్ రాంబో, ఇంకా ఫ్రాంక్ పారడైజ్ పేరున్నవాళ్లు. అలాంటి చోట కొత్తవాడు నిలబడాలంటే పని ఒక్కటే మాట్లాడాలి. బలబుష్కా 1959 నుంచి 1975లో చనిపోయేదాకా 16 ఏళ్లు క్యూలు చేశారు. మొత్తం 1,000 నుంచి 1,200 దాకా చేసి ఉంటారని లెక్క. అంటే వారానికి ఒకటి, ఒకటిన్నర. అంతే.

కర్రలో ఏముంటుంది

తెలియనివాళ్లకు క్యూ అంటే ఒక నున్నటి కర్ర. నిజానికి అందులో చాలా పనుంది. మామూలు పూల్ క్యూ 57, 58 అంగుళాల పొడవుంటుంది. బరువు 18 నుంచి 21 ఔన్సులు, అంటే అర కిలో పైచిలుకు. మధ్యలో మర జాయింటుతో రెండు ముక్కలు. ముందు ముక్క గట్టి మేపుల్ కర్రతో సన్నగా సాగి చివరికి దాదాపు 13 మిల్లీమీటర్లకు వస్తుంది. కొసన తోలు బిళ్ల. వెనక ముక్కలో లేత రంగు మేపుల్, ముదురు రంగు రోజ్‌వుడ్ లేదా ఎబొనీ కర్ర ఒకదానిలోకి ఒకటి మొనలు తీరి అతుక్కుని ఉంటాయి. రెండు చేతుల వేళ్లు ఒకదాని సందులో ఒకటి పెట్టి బిగించినట్టు. ఆ మొనల అంచున రంగురంగుల పల్చటి చెక్క పొరలు. పట్టుకునే చోట ఐర్లండ్ నార దారం వరసగా చుట్టి, తడిపి, రుద్ది, చేతికి గుడ్డలా కాక చర్మంలా తగిలేట్టు చేస్తారు.

ఇదంతా తరిమెన మీద పట్టే పని. మన ఏటికొప్పాక బొమ్మలు తిరగడం చూసినవాళ్లకు తరిమెన అంటే ఏమిటో తెలుసు. క్యూ పనిలో మాత్రం ఒక్కసారికే సైజుకు తెచ్చేస్తే కుదరదు. కర్రను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, మధ్యమధ్యలో వారాలు, నెలలు వదిలేయాలి. లోపలి ఒత్తిడి విడిచి కర్ర తన ఇష్టం వచ్చినట్టు వంగనివ్వాలి. వంగిందాన్ని తీసి పక్కన పెట్టాలి. నిలబడ్డదాన్నే ముందుకు తీసుకెళ్లాలి. తొందర పడ్డవాడి కర్ర ఏడాది తిరిగేసరికి విల్లు అవుతుంది.

ఇతరుల చేతిపని, ఈయన చూపు

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. బలబుష్కా కర్రల్లో చాలావాటికి మొనల అతుకు ఆయన చేసింది కాదు. బ్రన్స్‌విక్ కంపెనీ టైట్‌లిస్ట్ అనే క్యూలు అమ్మేది. వాటిని కోసి, మళ్లీ తయారుచేసినవి కొన్ని. మిగతావాటికి మొనలు అతికి ఉన్న బ్లాంకులు బయట కొనేవారు. 1966 వరకు డేవిస్ అనే పనివాడి దగ్గర, 1966 నుంచి 1971 వరకు షికాగోలోని బర్టన్ స్పెయిన్ దగ్గర, ఆ తర్వాత చివరిదాకా గస్ జాంబోటీ దగ్గర.

ఈ మాట విన్నప్పుడు మాకు ముందు కొంచెం నిరాశ కలిగింది. ఇంకొకరు అతికిన కర్ర మీద పేరు తెచ్చుకోవడమేమిటి అనుకున్నాం. తర్వాత మా పనే గుర్తొచ్చింది. సైట్లో సిమెంటు మేము చేయం. ఇనుము మేము చేయం. ప్రీకాస్ట్ ముక్కలు ఫ్యాక్టరీ నుంచి లారీలో వస్తాయి. అయినా గోడ తిన్నగా నిలిచిందా, నీళ్లు కారకుండా ఉందా అన్నది నిలబెట్టిన చేతుల మీదే ఉంటుంది. వచ్చిన పది ముక్కల్లో ఏది పనికొస్తుంది, ఏది వెనక్కి పంపాలి అని చూసే కన్ను కూడా పనిలో భాగమే.

బలబుష్కా పనిలో సగం ఆ చూపే. బ్లాంకు తిన్నగా ఉందా, మొనలు సమానంగా దిగాయా, కర్ర నార ఎటు పోతోంది, తట్టితే ఏం శబ్దం వస్తోంది. ఆ తర్వాత ఆయన చేతిపని. సైజుకు తేవడం, జాయింటు కూర్చడం, ఉంగరాల్లాంటి పట్టీలు పెట్టడం, దారం చుట్టడం, తూకం కుదర్చడం, నునుపు చేయడం. అదే బ్లాంకు ఇంకొకరి దగ్గరికీ వెళ్లేది. కానీ చేతిలోకి తీసుకుంటే తేడా తెలిసేదని ఆడినవాళ్లు చెప్పుకునేవారు. అమెరికా జాతీయ పోటీల్లో 1970 నుంచి 1973 దాకా వరసగా నాలుగుసార్లు గెలిచిన స్టీవ్ మిజెరాక్ లాంటి పెద్ద ఆటగాళ్లు ఆయన కర్రలు వాడారు.

జాంబోటీ సంగతి ఇంకా గొప్పది. ఆయన స్వయంగా క్యూలు చేసి అమ్మేవారు. అంటే బజారులో పోటీదారు. అయినా తన చేతి బ్లాంకులు బలబుష్కాకు ఇచ్చారు. ఈయనా మొహమాటం లేకుండా తీసుకుని వాటి మీద పనిచేశారు. ఒకరి పనితనం ఇంకొకరికి తెలుసు కాబట్టే అది సాగింది. మేస్త్రీలు ఒకరి పనిని ఒకరు చాటున తిట్టుకోవడం రోజూ చూసే మాకు ఇది నమ్మడానికి కాస్త సమయం పట్టింది. జాంబోటీ 1988లో పోయారు. ఈ రోజు ఆయన కర్రలను కూడా బలబుష్కా కర్రల పక్కనే పెట్టి చూస్తారు.

తప్పు ఎవరిది?

మంచి కర్రను ఎలా గుర్తుపడతారో మా ఫిలిప్పీన్స్ మిత్రుడు కొంత చూపించాడు. బల్ల మీద దొర్లిస్తే ఎగిరెగిరి పడితే కర్ర వంగిందని అందరూ అంటారు. అంతటితో తీర్పు చెప్పకూడదు. రెండు ముక్కలూ విప్పి విడివిడిగా దొర్లించాలి. రెండూ తిన్నగా దొర్లి, కలిపినప్పుడే ఎగిరితే తప్పు కర్రది కాదు. జాయింటు ముఖం చదరంగా లేదన్నమాట. జాయింటులో దుమ్ము ఇరుక్కున్నా అలాగే అవుతుంది. ముందు తుడిచి చూడాలి.

మొనలు చూడాలి. నాలుగూ ఒకే ఎత్తులో ఆగాలి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉంటే తరిమెన మీద మధ్యగీత తప్పిందని అర్థం. రంగు పొరల మధ్య నల్లటి గీత కనిపిస్తే జిగురు నిండలేదని అర్థం. దారం చుట్టిన చోటు మొదట్లో, చివర్లో గోరు తగలకుండా జారాలి. మెల్లగా నేలకు తట్టితే జర్రుమనే శబ్దం రాకూడదు. వస్తే లోపల ఏదో వదులైంది.

ఇదంతా చూశాక కూడా అసలు ప్రశ్న మిగులుతుంది. ఆ తప్పు ఎవరిది? మొన పొట్టిదైతే అది బ్లాంకు చేసినవాడిదా, సైజుకు తెచ్చినవాడిదా, ఇరవై ఏళ్ల తర్వాత పాలిష్ కోసం కాగితంతో అదే పనిగా గీసినవాడిదా? పాత కర్రలకు ఎక్కువ చేటు చేసేది అజాగ్రత్త రిపేరే. ప్రతిసారీ గీసి పాలిష్ వేస్తే కర్ర సన్నబడుతుంది, మొనలు కురచవుతాయి, తూకం మారుతుంది. ముందు ముక్కను ఆడేవాడి ఇష్టం కోసం సన్నం చేస్తే మళ్లీ లావు చేయలేం. చివరికి చూసేవాడు మాత్రం బలబుష్కా పని ఇంతేనా అంటాడు. చేసినవాడు జవాబు చెప్పడానికి లేడు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మేము ఒక బిల్డింగు ఫినిషింగు పనులు చూస్తున్నప్పుడు నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తలుపు ఫ్రేములు బిగించేవారు. ఒక అంతస్తులో ఫ్రేములు గోడకు సరిగ్గా ఆనలేదు. ఒక పక్క సందు, ఒక పక్క ఒరుపు. మేము చూసి, పని బాగాలేదని రాసి సంతకం పెట్టాం. విప్పి మళ్లీ బిగించమన్నారు. ఆ గంటలకు ఆయనకు ఓవర్‌టైం రాలేదు. ఆయన మాతో వాదించలేదు. మళ్లీ బిగించారు. మళ్లీ అదే సందు.

మూడో రోజు మాకు అనుమానం వచ్చి గోడకే తూకం గుండు వేలాడదీశాం. గోడ మీదా కిందా పన్నెండు మిల్లీమీటర్ల తేడా. ఫ్రేము తిన్నగానే ఉంది. గోడే వంకర. బ్లాకు పని చేసినవాళ్లు వేరు, దాన్ని చూసి సరే అన్నవాళ్లు వేరు. మేము రాసిన కాగితాన్ని వెనక్కి తీసుకుని ఇంకొకటి రాశాం. కోసిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. మేము వెళ్లి తప్పు మాదే అన్నాం. ఆయన టీ తాగుతున్నారు. మాకూ ఒక గ్లాసు పోశారు. ఆ తర్వాత నాలుగు నెలలకు ఆయన ఇంటికి వెళ్లిపోయారు. కొలతలో పన్నెండు మిల్లీమీటర్లు చిన్న సంగతే. ఆ ఇంటికి పంపే డబ్బులో అది చిన్నది కాదు.

పోయాక పెరిగిన పేరు

జార్జ్ బలబుష్కా 1975 డిసెంబరు 5న కన్నుమూశారు. ఇంకో నాలుగు రోజులైతే 63 ఏళ్లు నిండేవి. అప్పటికి ఆయన పేరు ఆటగాళ్లలో, ఆ వృత్తి చేసేవాళ్లలో ఉందిగానీ లోకానికి పెద్దగా తెలియదు.

ఆయన పోయిన పదకొండేళ్లకు, 1986లో, ‘ది కలర్ ఆఫ్ మనీ’ సినిమా వచ్చింది. మార్టిన్ స్కోర్సీసీ తీశారు. పాల్ న్యూమన్, టామ్ క్రూజ్ నటించారు. ఆ సినిమాతోనే న్యూమన్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది. కథలో ఒక కర్రను బలబుష్కా అని చెబుతారు. దాంతో పూల్ ఆడనివాళ్లకు కూడా ఆ పేరు తెలిసిపోయింది. తమాషా ఏమిటంటే, తెర మీద కనిపించింది ఆయన చేసిన కర్ర కాదు. జాస్ కంపెనీ వాళ్ల కర్ర. చూడ్డానికి అలా ఉంటుందని పెట్టారు. అంటే లోకమంతా చూసిన బలబుష్కా అసలు బలబుష్కాయే కాదు.

ఆ తర్వాత ధరలు ఎక్కడికో వెళ్లాయి. మంచి స్థితిలో ఉన్న ఒక్కో కర్ర వేల డాలర్లు, పదివేల డాలర్లు కూడా దాటి పలికింది. డబ్బు వచ్చిన చోటికి నకిలీ కూడా వస్తుంది. ఆయన చాలా కర్రల మీద సంతకం పెట్టలేదు. అవే బ్లాంకులు వాడినవాళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి ఇది ఆయనదా కాదా అని తేల్చడమే ఒక విద్య అయింది. బ్లాంకు ఏ కాలానిది, జాయింటు మర ఏ రకం, పట్టీలు ఎలా కూర్చారు, కర్ర ఎవరెవరి చేతులు మారింది అని వరసగా చూస్తూ వెళతారు. ఏది మొదటి పని, ఏది తర్వాతి రిపేరు అని విడదీస్తారు. తెలిసినవాడు ఒక్క గుర్తు చూసి అవును అనడు, ఒక్క లోపం చూసి కాదు అనడు.

2004లో అమెరికా బిలియర్డ్ కాంగ్రెస్ తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటిచ్చింది. ఛాంపియన్ల పక్కన ఒక వడ్రంగి పేరు. కర్ర పట్టుకున్నవాళ్లతో పాటు కర్ర చేసినవాడినీ గుర్తుంచుకున్నారు.

మనలో చాలామంది కట్టిన బిల్డింగుల మీద మన పేర్లు ఉండవు. ఉండాలని మేము అనడం లేదు. బలబుష్కా కర్రల మీదా చాలావాటికి పేరు లేదు. పని చూసి ఇది ఫలానావాడి చేయి అని గుర్తుపట్టే కన్ను ఒకటి ఉంటే చాలు. ఆ కన్ను మనలో ఫోర్మన్లుగా, సూపర్‌వైజర్లుగా, చార్జ్‌హ్యాండ్లుగా ఉన్నవాళ్లకు ఉండాలి. ఇంకొకరి పనికి తప్పు రాయడం మన చేతిలో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువగా ఉండాలి.

మా మట్టుకు మేము ఒక అలవాటు చేసుకున్నాం. ఇప్పుడు ఏ ఫ్రేము దగ్గర సందు కనిపించినా, కాగితం తీసేముందు గుండు తీసి ముందు గోడకు వేలాడదీస్తున్నాం.